పసుపు పోగుకు ఇవతల

మా అన్న రాజనర్సుకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఎక్కడ ఎలాస్టిక్ కనిపించినా లాగి చూసేవాడు. పెళ్ళికి పోతే పక్క కుర్చీలోని పిల్లవాడి మేజోడు లాగేవాడు. బజారులో తోపుడుబండి మీది పైజామాల నడుములు లాగేవాడు. లాగి, వదిలి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "నెల రోజులల్ల సాగుతది" అని తీర్పు చెప్పి కొనకుండా కదిలేవాడు. బండివాడు తిట్టేవాడు. మా వదిన వెంకటవ్వ తనకేమీ సంబంధం లేనట్టు నాలుగడుగులు ముందు నడిచేది.

పందొమ్మిదేళ్ళప్పుడు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చాడు. మొదట పదేళ్ళు చీరల మగ్గం. తర్వాత సూరత్ శివారు సచిన్‌లో ఎలాస్టిక్ పట్టీలు నేసే కార్ఖానా. అక్కడి మగ్గం చిన్నది. ఒక్కో మగ్గం మీద ఒకేసారి ఎనిమిది పట్టీలు దిగుతాయి. పొద్దున ఒకడు, రాత్రి ఇంకొకడు అదే మగ్గం మీద నేస్తారు. ఎవరు ఎన్ని మీటర్లు నేసిందీ తెలియడానికి పట్టీలో అడ్డంగా ఒక రంగు పోగు వేస్తారు. దాన్ని నిషాని అంటారు. మా నాయన సిరిసిల్లలో పసుపు పోగు వేసేవాడు. నేను ఆయన పక్కన కండెలు చుడుతూ ఆ పోగు చూస్తూ పెరిగాను. అన్న కూడా పసుపు పోగే వేసేవాడు. ఆ కార్ఖానాలో పసుపు ఇంకెవరిదీ కాదు.

ఈ పోగు సంగతి ముందే చెబుతున్నాను. దీన్ని చూసే నేను మా అన్నను దొంగ అన్నాను.

2020 ఫిబ్రవరిలో అన్న కొడుకు వినోద్‌కు బిడ్డ పుట్టింది. కోమలి అని పేరు తర్వాత పెట్టారు. అప్పటికి పేరు లేదు, నెలలు నిండలేదు, బరువు కిలోంబావు. పసిపిల్లల వార్డులో పెట్టారు. రెండు సన్నటి గొట్టాలు ముక్కులో పెట్టి గాలి పంపేవాళ్ళు. ఆ గొట్టాలు జారకుండా తలకు ఒక టోపీ ఉండాలి. అక్కడున్నది టోపీ కాదు. పెద్దవాళ్ళ చేతి కట్టుకు వాడే అల్లిక బట్ట కత్తిరించి, పైన ముడి వేసి, రెండు పక్కలా ఎలాస్టిక్ కుట్టారు. అది నిలవక చెంపల మీద ప్లాస్టర్ అంటించారు.

ఇంటికొక్కరినే లోపలికి పంపుతామంటే అన్న వెళ్ళాడు, వెనక నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అన్న చేయి నేరుగా ఆ ఎలాస్టిక్ మీదికే పోయింది.

"అరె కాకా, శూ కరో ఛో? ముట్టద్దు అన్న కదా!" ఏం చేస్తున్నావని గుజరాతీ కలిపి నర్సు అరిచింది. ఆమె పేరు సుభాషిణి. అమ్మానాన్నలది వరంగల్ పక్క. తను పుట్టి పెరిగింది సూరత్ లింబాయత్‌లో. మూడు భాషలు ఒకే వాక్యంలో మాట్లాడుతుంది.

"ఇది లంగాకు వేసే ఎలాస్టిక్ బిడ్డా. పసిపిల్ల మొఖానికి వేస్తరా?"

"వేరేది ఉంటే వేయమా కాకా? ఫారిన్ టోపీ ఒక్కటి వేలల్ల ఉంటది. అది గూడ స్టాక్ లేదు."

"పిల్లలకని వేరే ఎవలు చెయ్యరా?"

"ఎవరు చేస్తరు? పెద్దోళ్ళది చిన్నగ కట్ చేస్తే అదే పిల్లలది."

పదకొండో రోజు గొట్టాలు తీశారు. ఎలాస్టిక్ కోసుకుపోయిన చోట ఎడమ చెంప మీది తోలు ప్లాస్టర్‌తో పాటు కొంత లేచి వచ్చింది. బిడ్డ బతికింది. చెంప మీద కందిపప్పు బద్దంత మచ్చ ఉండిపోయింది. ఆడపిల్ల మొఖం అని వదిన ఏడ్చింది. అన్న ఏడవలేదు. ఇరవై ఏళ్ళుగా తను నేస్తున్న సరుకు ఆ మచ్చ చేసిందని అతనికి కోపం. ఆ ఎలాస్టిక్ తమ కార్ఖానాదే అని లాగిన వెంటనే గుర్తుపట్టానని తర్వాత చెప్పాడు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కార్ఖానా మూశారు. సూరత్ డిండోలిలోని తన రెండు గదుల ఇంట్లో వదిన కుట్టుమిషన్ ముందు అన్న కూర్చున్నాడు. సుభాషిణి దగ్గర ఫోన్లో కొలతలు తెప్పించుకున్నాడు. కిలో బిడ్డ తల చుట్టుకొలత ఇంత, కిలోన్నర బిడ్డది ఇంత. కొలత టేపు పట్టుకుని పండ్ల బండి దగ్గరికి పోయేవాడు. "ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల ఖర్బూజ ఉన్నదా?" అని అడిగేవాడు. బండివాడు కరోనా కన్నా మా అన్నకే ఎక్కువ భయపడ్డాడు.

కొలతకు ఖర్బూజ, చర్మానికి బొప్పాయి. బాగా పండిన బొప్పాయికి పట్టీ కట్టి పన్నెండు గంటలు ఉంచేవాడు. విప్పితే తొక్క మీద గీత పడేది. పట్టీ మార్చి ఇంకో బొప్పాయికి కట్టేవాడు. గీత పడిన బొప్పాయిలన్నీ ఇంట్లోవాళ్ళు తినాలి.

"మనం కరోనాతోటి సావం, బొప్పాయిలతోటి సస్తం" అనేది వదిన.

"ఈటి మీద గీత పడకుంటే పసిపిల్ల చెంప మీద పడది. అప్పటిదాంక తిను."

చివరికి అతనికి తెలిసింది ఇది. టోపీ బట్ట కాదు, పట్టీ ముఖ్యం. కార్ఖానాలో పట్టీకి నిలువు పడుగు రబ్బరు, అడ్డం పేక పాలిస్టర్. చర్మాన్ని కోసేది ఆ పాలిస్టర్ పేక. దాని బదులు సన్నటి నూలు పోగు పేకగా వేసి, బిగువు తగ్గించి నేయాలి. ఐదు కొలతల టోపీలు చేయాలి. ఆ తర్వాత చర్మానికి హాని చేయదని ల్యాబు కాగితం రావాలి. కాగితం లేకుండా ఏ డాక్టరూ బిడ్డ తలకు పెట్టడు. నూలుకు, మగ్గం కిరాయికి, ల్యాబుకు డబ్బు కావాలి. అన్న దగ్గర లేదు.

ఇక్కడే లక్ష్మీకాంత్ గారు వచ్చారు. భీమవరం మనిషి. సూరత్ అవతల హజీరాలో పెద్ద కంపెనీ ఇంజనీరు. లాక్‌డౌన్‌లో మా వాళ్ళకు బియ్యం పంచడానికి కారు వేసుకుని డిండోలి వచ్చి, బొప్పాయి తలకు టోపీ చూసి ఆగిపోయారు. ఆయనే ఇంగ్లీషులో దరఖాస్తులు రాశారు, ఇలాంటి పనులకు డబ్బిచ్చే మూడు చోట్లకు. నాకు మొదటి నుంచీ ఆయన మీద అనుమానమే. హజీరా ఇంజనీరుకు డిండోలిలో పనేంటి? టోపీ తయారయ్యాక కాగితం మీద ఎవరి పేరు ఉంటుంది?

మూడు జవాబులూ జూన్‌లోపు వచ్చాయి. ఆయన అన్న ఇంట్లో కుర్చీ మీద కూర్చుని ఫోన్లో చదివి వినిపించారు.

"పెద్దవాళ్ళ మాస్కు అయితే రేపే డబ్బిస్తామంటున్నారండి. పిల్లలదనేసరికి గిరాకీ తక్కువట. అందులోనూ నెలలు నిండని పిల్లలట. అదీ పది రోజులు వాడి పారేసేదట. ఐదు సైజులు చేయాలి, ఒక్కో సైజూ నాలుగే అమ్ముడవుతాయి, పెట్టుబడి తిరిగిరాదు అంటున్నారు."

"గంతేనా సారూ?"

"అంతేనండీ. మర్యాదగానే రాశారు."

"మర్యాదతోటి నూలు రాదు సారూ" అన్నాడు అన్న.

అప్పుడు అతని కన్ను మా సంఘం డబ్బు మీద పడింది. లాక్‌డౌన్‌లో మా పద్మశాలి కుటుంబాలన్నీ తలా కొంత వేసుకుని రేషన్ నిధి పెట్టాం. మే నెలలో రైళ్ళు ఎక్కి చాలామంది ఊళ్ళకు పోయారు. కొంత మిగిలింది. దాన్ని ఏం చేయాలని జూలైలో మార్కండేయ గుడి హాలులో మీటింగ్ పెట్టారు. మొఖాలకు గుడ్డలు కట్టుకుని దూరం దూరంగా కూర్చున్నాం. అన్న లేచి టోపీ చూపించాడు. లక్ష్మీకాంత్ గారు పక్కన నిలబడి వివరించారు. పోశమ్మ అందరికన్నా ముందు నోరు విప్పింది. ఆమె ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తుంది. కత్తెర కన్నా నోరు పదును.

"టోపీ పెట్టుడంటే మాకెరికే సారూ. ఓట్లొచ్చినప్పుడల్లా పెట్టిచ్చుకుంటనే ఉన్నం."

హాలంతా నవ్వింది. లక్ష్మీకాంత్ గారు కూడా నవ్వారు. నవ్వి, "అమ్మా, ఇది పసిపిల్లలకండి" అన్నారు.

"గదే జెప్తున్న. పెద్దోళ్ళకు పెట్టుడు అయిపోయింది, ఇగ పసిపిల్లలకు పెడ్తున్నరు. నర్సన్నా, నీ టోపీ తప్పు అంటలేను. గీ పైసలు ఉప్పు పప్పు కోసం ఇచ్చినయి. నీ మనవరాలి కోసం గాదు."

"నా మనవరాలికి ఇగ టోపీ అక్కర లేదు పోశవ్వా. దానికి పండ్లొస్తున్నయి."

"మరెవ్వలికి?"

"రేపు పుట్టేటోళ్ళకు."

వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. డబ్బు రెండు విడతలుగా ఇస్తారు. మొదటిది నూలుకు, మగ్గం కిరాయికి. రెండోది ల్యాబుకు. మొదటిది సరిగా ఖర్చయిందని చెప్తేనే రెండోది. ఆ చెప్పే మనిషి నేను. మునిసిపాలిటీ తెలుగు బడిలో టీచర్ని, చదువుకున్నదాన్ని, నలుగురికీ నమ్మకం.

"అన్న అని చూడకు పద్మారాణీ" అంది పోశమ్మ.

"చూడను" అన్నాను. అందరి ముందూ ఇచ్చిన మాట అది. దాన్ని నిలబెట్టుకోవాలన్న పట్టుదల నాకు అవసరానికి మించి ఉండింది.

ఆగస్టు నుంచి కాపలా మొదలుపెట్టాను. బడి మూసి ఉంది, తీరిక ఉంది. చెప్పకుండా సచిన్ వెళ్ళేదాన్ని. మళ్ళీ తెరిచిన కార్ఖానాలో సేటు మా అన్నకు ఇచ్చింది ఒక్క మగ్గం, రోజూ డ్యూటీ ఆఖరున రెండు గంటలు. ఆ రెండు గంటలూ అన్న మా నూలు పేకతో టోపీ పట్టీ నేస్తాడు. తర్వాత రాత్రి డ్యూటీకి అతని జోడీదారు బక్కయ్య ఎక్కుతాడు. అన్న నన్ను చూసి నవ్వేవాడు.

"పోలీసక్క వచ్చింది, నూలు కండె దాచు బక్కన్నా."

నేను నవ్వేదాన్ని కాదు. నూలు కండెలు లెక్కపెట్టేదాన్ని. ఒకసారి రెండు తక్కువ వచ్చాయి. అడిగితే పోగు తెగి పాడయ్యాయన్నాడు. పాడైనవి చూపించమన్నాను. చూపించాడు. అవి మా నూలేనా కాదా అని ఇంటికి వచ్చి ఆలోచించాను. ఇంకో రోజు వాళ్ళ ఇంట్లో కొత్త మిక్సీ కనిపించింది. ఎక్కడిది వదినా అని అడిగితే "వచ్చింది" అంది. ఎవరు ఇస్తే వచ్చింది? రాత్రి అన్నం తింటూ మిక్సీ ధర లెక్కేశాను.

సెప్టెంబర్‌లో బడిపిల్లలకు మాస్కులు కుట్టించమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. చెవులకు వేసే ఎలాస్టిక్ కోసం పర్వత్ పాటియా బజారుకు పోయాను. ఆ రోజుల్లో మాస్కు ఎలాస్టిక్‌కు బంగారం గిరాకీ. మార్చిలో కిలోల్లో అమ్మిన సరుకు ఇప్పుడు మీటర్ల లెక్కన అమ్ముతున్నారు. దుకాణదారు ఒక చుట్ట నా ముందు పెట్టి, "సచిన్‌నో మాల్ ఛే బెన్, ఫస్ట్ క్లాస్" అన్నాడు.

చుట్ట పై కొసన, అడ్డంగా, పసుపు పోగు.

చేతిలోకి తీసుకుని వెలుతురులో చూశాను. అనుమానం లేదు. మా నాయన పోగు, మా అన్న పోగు. వెడల్పు కూడా టోపీ పట్టీదే, పగలు సేటుకు నేసే లంగా పట్టీ ఇంతకన్నా వెడల్పు. నిషాని పడిన దగ్గర నుంచి ఆ మనిషి నేత మొదలని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అంటే ఆ చుట్ట మొత్తం అన్న నేసింది. అతనికి దొరికే రెండు గంటల్లో, సంఘం డబ్బుతో కొన్న నూలుతో, మాస్కు ఎలాస్టిక్ నేసి బజారులో అమ్ముకుంటున్నాడు. తగ్గిన కండెలు అందుకే. మిక్సీ అందుకే. అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

చుట్ట మొత్తం కొన్నాను. అన్నను పిలిచి అడగలేదు. తర్వాతి ఆదివారం సంఘం మీటింగ్ దాకా ఆగి, హాలులో అందరి ముందు పెట్టాను.

అన్న లేచి వచ్చాడు. చుట్ట ముట్టుకోలేదు. పసుపు పోగు వైపు చూశాడు.

"నిషాని నాదే" అన్నాడు.

"ఇంకేంది మరి? ఒప్పుకున్నడు" అంది పోశమ్మ. ఆమె గొంతులో సంతోషం లేదు.

అన్న నా వైపు తిరిగాడు. "పేక పోగు గుంజి కాల్చి చూసినవా చెల్లె?"

"చూడాల్సింది చూసిన."

"కాల్చి చూసినవా అని అడుగుతున్న."

"మాట మార్చకు అన్నా. ఇది నీ పోగా, కాదా?"

అది నేతగాడి బిడ్డ అడగాల్సిన మాట కాదని అతని మొఖంలో ఉంది. అప్పుడు నాకది తప్పు చేసినవాడి మొఖంగా కనిపించింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. లక్ష్మీకాంత్ గారు ఏదో చెప్పబోతే, "మీకెందుకు సారూ గంత తొందర?" అని ఎవరో అడిగారు. ఆయన కూడా ఆగిపోయారు. రెండో విడత ఆపేశారు.

ఆ డబ్బు ఆగడంతో ల్యాబు కాగితం ఆగింది. కాగితం లేక టోపీ ఆగింది. అన్న అప్పటికి నేసిన పట్టీతో అరవై టోపీలు కుట్టి ఆస్పత్రికి తీసుకుపోయాడు. పెద్ద డాక్టరు చూసి, బాగుందని మెచ్చుకుని, కాగితం తెమ్మని తిప్పి పంపాడు. ఈ సంగతి సుభాషిణి చెప్పింది. తనంతట తనే ఫోన్ చేసిందని అప్పుడు అర్థం కాలేదు. అన్న చెప్పించాడేమో అనుకున్నాను.

బతుకమ్మ పండుగకు అన్న వినోద్‌తో చీర పంపాడు. ప్రతి ఏడూ పంపేవాడు. ఆ ఏడు కూడా పంపుతాడని అనుకోలేదు. చీర విప్పి అంచు చూసి, దీని ధర ఎంతుంటుంది, ఈ డబ్బు ఎక్కడిది అనుకున్నాను. కట్టుకోలేదు.

మేము మళ్ళీ మాట్లాడుకుంది ఒక్కసారే, 2021 ఏప్రిల్‌లో. అతను కరోనాతో ఆస్పత్రిలో ఉన్నాడు, మొఖానికి ఆక్సిజన్ మాస్కు. మాట ఆగి ఆగి వచ్చింది.

"చెల్లె, ఈ మాస్కు ఎలాస్టిక్ లాగి చూసిన. ఇది గూడ లంగా బొందే."

"మాట్లాడకు అన్నా. ఆయాసం వస్తది."

"పెద్దోళ్ళకు గూడ గిదే వేస్తున్నరు. ఇగ పిల్లలకేం జేస్తరు?"

చుట్ట గురించిన ప్రశ్న నా నాలుక చివరి దాకా వచ్చింది. కోలుకుని వచ్చాక అడుగుదామనుకున్నాను. రెండో రోజు పోయాడు. మేమెవ్వరమూ చూడలేదు. మునిసిపాలిటీవాళ్ళే తీసుకుపోయారు.

పదకొండో రోజు బక్కయ్య వచ్చాడు. గుమ్మం బయటే కూర్చున్నాడు. ఒక సంచి వదిన ముందు పెట్టాడు. అందులో నూలు కండెలు, కుట్టిన టోపీలు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"టీచరమ్మా, ఒక మాట. నర్సన్న చెప్పద్దన్నడు. ఇగ ఆయిన లేడు గనుక చెప్తున్న. గా చుట్ట నేను నేసింది."

"పసుపు పోగు నీదెట్లయితది?"

"పోగు ఆయినదే. పట్టీ నాది. మీ సిరిసిల్లల నిషాని షురూల పెడ్తరు గదా? ఈ కార్ఖానల డ్యూటీ ఖతమైనంక పెడ్తరు. పోగుకు ఇవతల ఆయినది, అవతల నాది. ఆయిన పట్టీ కోసుకున్నంక పోగు నా చుట్ట కొసకే ఉండిపోయేది. నేను సేటు కోసం మాస్కుది నేసేటోన్ని, పాలిస్టర్ పేకతోటి."

"ఆ రోజు మీటింగ్‌కు వచ్చి చెప్పచ్చు గదా నువ్వు?"

"వస్తనన్న. నర్సన్న వద్దన్నడు. 'మా చెల్లె నేతగాని బిడ్డ. ఒక అగ్గిపుల్ల గీస్తే దానికే తెలుస్తది. ఎవలో వచ్చి చెప్పుడేంది' అన్నడు."

నేను బక్కయ్యను నమ్మలేదు. చనిపోయినవాడి పేరు నిలబెట్టడానికి జోడీదారు వచ్చి చెప్పే మాట ఎవరైనా చెప్తారు. ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. ఆ చుట్ట ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది, సాక్ష్యం కదా అని దాచాను. కొస విప్పాను. పసుపు పోగుకు ఇవతల వేలెడంత ముక్క ఉంది, కత్తెర పడిన అంచుతో. అవతల మొత్తం చుట్ట. ఆ వేలెడు ముక్కను ఎన్నడూ చూడలేదు. చూసినా అది కూడా చుట్టే అనుకుని ఉంటాను. దాన్నుంచి ఒక పేక పోగు గుంజి అగ్గిపుల్ల గీశాను. కాగితం కాలిన వాసన వచ్చింది. బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. నూలు.

అవతలి వైపు నుంచి ఇంకో పోగు గుంజాను. అది కాలలేదు, కరిగింది. కొసన నల్లటి గట్టి పూస మిగిలింది. పాలిస్టర్.

చీరల మార్కెట్‌లో చదువు రాని కూలీ కూడా చేసే పరీక్ష ఇది. ఇంట్లో అగ్గిపెట్టె దేవుడి గూట్లో ఎప్పుడూ ఉంటుంది.

జూన్‌లో మళ్ళీ మీటింగ్ అడిగాను. హాలులో మనుషులు తగ్గారు. మా వాళ్ళల్లో ఆ రెండు నెలల్లో పోయినవాళ్ళు పదకొండు మంది. నేను లేచి జరిగింది చెప్పాను. వాళ్ళ కళ్ళల్లో ఏముందో నాకు తెలుసు. ఒకప్పుడు అన్న మీద నాకున్నదే ఇప్పుడు నా మీద వాళ్ళకుంది. పోశమ్మ దాచుకోలేదు.

"అన్న పోయిండు, పాపం, నీకు బాధున్నది. కని గిప్పుడు గిట్ల అంటే ఎట్ల నమ్మాలె టీచరమ్మా? అప్పుడు నువ్వే దొంగ అన్నవు. గిప్పుడు నువ్వే దొర అంటున్నవు."

"నన్ను నమ్మకు పోశవ్వా. ఇంద."

చుట్ట, అగ్గిపెట్టె ఆమె చేతిలో పెట్టాను. ఆమె కొంగు సర్దుకుని ముందు పట్టీ లాగింది. ఇవతల ఒకసారి, అవతల ఒకసారి. బుగ్గకు రాసుకుంది. అప్పుడు పోగు గుంజి కాల్చింది. పూసను గోటితో నొక్కి చూసింది. పక్కవాడికి ఇచ్చింది. చుట్ట చేతులు మారింది. ఆ హాలులో ఉన్నదంతా నేతవాళ్ళే, ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒక్కొక్కరూ తమ పుల్ల తామే గీశారు. ఆ వేలెడు ముక్క చివరికి నాలుగు పోగులయింది.

"నర్సన్న కాల్చి చూసినవా అని అడిగిండు గద ఆ దినం" అంది పోశమ్మ. "నేను గూడ ఇన్న. నేను గూడ కాల్చలే."

రెండో విడత విడుదలయింది. దాని మీద కాపలా ఎవరు అని అడిగితే, "ఇద్దరుండుర్రి" అంది పోశమ్మ, "టీచరమ్మ ఒక్కతే వద్దు." ఆమే రెండో మనిషి. ల్యాబుకు కట్టిన డబ్బు, పంపిన టోపీలు అన్నీ ఆమె తన ఫోన్లో ఫొటోలు తీసుకుంది. ల్యాబు దరఖాస్తులో టోపీ చేసినవారి పేరు దగ్గర లక్ష్మీకాంత్ గారు ఏం రాశారో చూపించమన్నాను. చూపించారు. మా అన్న పేరు రాసి ఉంది, ఇంటిపేరుతో సహా. మొదటి దరఖాస్తు నాటి నుంచీ అలాగే ఉందట. ఫోన్లో పాతవి కూడా తీసి చూపించారు. తేదీలు చూశాను.

"నమ్మకం కుదిరిందాండీ?" అన్నారు ఆయన, కోపం లేకుండానే.

కాగితం డిసెంబర్‌లో వచ్చింది. చర్మానికి హాని లేదని ఉంది. ఇప్పుడు ఆ పట్టీ బక్కయ్య నేస్తున్నాడు, అన్నకు ఇచ్చిన రెండు గంటల్లోనే. టోపీలు వదిన కుడుతుంది. ఒక్క ఆస్పత్రికే, నెలకు కొన్ని. ఉత్తరాల్లో ఆ పెద్దమనుషులు రాసింది నిజమే, గిరాకీ అంతే. సంఘం నిధి నుంచే నూలు కొంటున్నాం. మిక్సీ ఎక్కడిదో ఇప్పటికీ నాకు తెలియదు. వదినను మళ్ళీ అడగలేదు.

2022 మార్చిలో ఒక మంగళవారం, ఎవరికీ చెప్పకుండా ఆ వార్డుకు వెళ్ళాను. చెప్పి వెళ్తే నాకు చూపించడానికని పెడతారేమో అనిపించింది. సుభాషిణి తలుపు దగ్గరే ఆపింది.

"ఆంటీ, ఫోన్ చేసి రావాలె గదా!"

"చేస్తే టోపీ పెట్టి ఉంచుదువు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, కాళ్ళకు కవర్లు, మొఖానికి మాస్కు ఇచ్చి లోపలికి రమ్మంది. మూడు అద్దాల పెట్టెల్లో ముగ్గురు బిడ్డలు. ఇద్దరి తలలకు మా టోపీ. ఒకడికి అప్పుడే గొట్టాలు తీసే వేళయింది. "తొమ్మిది రోజులు ఉన్నది వీడికి" అంది సుభాషిణి. నెమ్మదిగా పట్టీ వదులు చేసి టోపీ తీసింది. నేను వంగి చూశాను. ఎడమ చెంప చూశాను. కుడి చెంప చూపించమన్నాను. చూపించింది. లైటు ఇటు తిప్పమన్నాను. తిప్పింది.

గీత లేదు.

తీసిన టోపీ పక్కన ట్రేలో పడి ఉంది. దాని పట్టీ తీసుకుని లాగాను. వదిలి, చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అరె ఆంటీ, శూ కరో ఛో? ముట్టద్దు అన్న కదా!"